నేల కింద ఏముంది?

(అద్దంకిలో మహిళల చదువుల కేంద్రంలో ఒక ఉపాధ్యాయిని చేసిన ప్రసంగం)



ఈ రోజు ఇంటి నేల గురించి మాట్లాడుకుందాం. పైన కనబడే టైలు గురించి తరువాత చెప్తాను. ముందు దాని కింద ఉండే దాని గురించి. అది కనబడదు. కనబడదు కాబట్టి ఎవరూ అడగరు. మన డబ్బు మునిగేది అక్కడే.

మంచం మీద దుప్పటి ఎంత మంచిదైనా, కింద బొంత ముద్దలు ముద్దలుగా ఉంటే నిద్ర పడుతుందా? తెల్లారేసరికి నడుము పట్టేస్తుంది. ఇంటి నేల కూడా అంతే. టైలు, నాపరాయి, గ్రానైటు, ప్లాస్టిక్ చాప, ఇవన్నీ దుప్పట్లు. కింద పోసే మెరక, కొట్టే దిమ్మిస, వేసే కాంక్రీటు, ఇదంతా బొంత. దుప్పటిని కొట్లో నాలుగుసార్లు తిప్పి చూసి కొంటాం. బొంతను మాత్రం మేస్త్రీ ఇష్టానికి వదిలేస్తాం.

మన అద్దంకి చుట్టుపక్కల చాలా ఊళ్ళలో నల్లరేగడి. ఈ మట్టి సంగతి మీకు నేను చెప్పాలా? మిరప నాటింది మీరు. పత్తి తీసింది మీరు. ఏప్రిల్, మే నెలల్లో చేలోకి వెళ్తే నెర్రెలు ఎలా ఉంటాయి? చెయ్యి పెడితే మోచేతి దాకా దిగుతుంది. అదే చేలో వాన పడనివ్వండి. నెర్రెలు మూసుకుపోతాయి. మట్టి ఉబ్బుతుంది. కాలికి ముద్దలా అంటుకుని అడుగు వెయ్యనివ్వదు.

ఎందుకు అలా? నల్లరేగడిలో చాలా సన్నని బంకమట్టి రేణువులు ఉంటాయి. ఒక్కో రేణువు పొరలు పొరలుగా ఉంటుంది. మన చేతిలో ఉన్న ఈ పుస్తకం కాగితాల లాగా. పుస్తకం వానలో తడిస్తే ఏమవుతుంది? కాగితాల మధ్య నీళ్ళు దూరి లావు అవుతుంది. ఈ మట్టి కూడా అంతే. పొరల మధ్యకు నీళ్ళు దూరితే ఉబ్బుతుంది. ఎండితే చిక్కిపోతుంది.

పైరుకు ఈ గుణం మంచిదే. తడిని పట్టి ఉంచుతుంది. అందుకే వానలు వెళ్ళిపోయాక కూడా శనగ పండుతుంది. ఇంటికి మాత్రం ఇదే గుణం కష్టం తెస్తుంది. గోడకు పునాది తీస్తాం. లోతుగా తవ్వి రాళ్ళు వేసి కడతాం. నేలకు పునాది ఎక్కడిది? అది మట్టి మీద పడుకుని ఉంటుంది. కింద మట్టి లేస్తే అదీ లేస్తుంది. కింద మట్టి దిగితే అదీ దిగుతుంది.

ఇంకో సంగతి. ఇంటి మధ్యలో మట్టికి ఎండ తగలదు. అక్కడ తడి పెద్దగా మారదు. గోడ పక్కన మట్టి ఎండాకాలంలో బాగా ఎండుతుంది. వానాకాలంలో బాగా తడుస్తుంది. అంటే మధ్యలో ఒకలా, అంచున ఇంకోలా కదులుతుంది. ఈ రెండు కదలికల నడుమ గచ్చు పగులుతుంది. ఇంటికి వెళ్ళాక చూడండి. గోడకు మూరెడు దూరంలో, గోడ వెంబడే పోయే పగులు ఉందా? ఉంటే ముందు అనుమానించాల్సింది కింద ఉన్న మట్టిని.

మాకు తెలిసిన ఒక అక్క కథ చెప్తాను. కాలనీలో ఇల్లు. పట్టా ఆమె పేరు మీద ఉంది. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని టైల్సు వేయించింది. రెండడుగుల టైలు. తెల్లగా, అద్దంలా మెరిసేది. గృహప్రవేశానికి నేనూ వెళ్ళాను. అందరం ఆ నేలనే చూశాం. ఒక వానాకాలం వెళ్ళింది, ఒక ఎండాకాలం వెళ్ళింది. గది మధ్యలో టైల్సు గొడుగులా లేచాయి. ఒక రాత్రి ఒక టైలు ఠప్పున పగిలింది. ఏం పడిందోనని ఇంట్లో వాళ్ళందరూ లేచి కూర్చున్నారు. తెల్లవారుజామున వాళ్ళ అత్త ఆ అంచు మీద కాలు వేసింది. పాదం కోసుకుపోయి మూడు కుట్లు పడ్డాయి.

టైల్సు కొట్టు వాళ్ళు మేస్త్రీది తప్పు అన్నారు. మేస్త్రీ టైలుది తప్పు అన్నాడు. చివరికి పీకి చూశారు. లోపల ఏముంది? పునాది తవ్వినప్పుడు వచ్చిన నల్లమట్టినే తిరిగి బేస్‌మట్టంలో నింపారు. అందులో ఇటుక ముక్కలు, తాటాకులు, ఖాళీ సిమెంటు సంచులు. దాని మీద బెత్తెడు ఇసుక. ఇసుక మీద మాలు, మాలు మీద టైలు. మట్టిని అక్కడే నింపితే ట్రాక్టరు కూలి మిగులుతుంది కదా. ఆ మిగిలిన కూలి ఎంతో నాకు తెలియదు గానీ, అక్క మాత్రం పోయిన నేలకు నెల నెలా వాయిదా కట్టింది.

మేస్త్రీలందరూ ఇలాగే చేస్తారని నేను అనను. మంచి పనివాళ్ళు ఉన్నారు. అడిగితే చేస్తారు. అడగాలంటే మనకు తెలియాలి. ఇల్లు మగవాళ్ళ వ్యవహారమని మనం లోపలికి పోతాం. 2020 డిసెంబరు నుంచి ప్రభుత్వం పంచిన ఇళ్ళ స్థలాల పట్టాలు ఆడవాళ్ళ పేరు మీదే ఇచ్చారు. వాయిదా కట్టేది మనం. ఊడ్చేది, కడిగేది, కూర్చుని వండేది మనం. పసిపిల్లలు పాకేది ఆ నేల మీదే. టైలు రంగు చూడటానికి ఒంగోలు దాకా వెళ్తాం. మెరక పోసే రోజున ఇంటి దగ్గర ఉండం. ఆ రోజు ఉండాలి. పని మానుకుని అయినా ఉండాలి.

సరే. మెరక ఎలా పొయ్యాలి?

ముందు బేస్‌మట్టం లోపలి నల్లమట్టి తీసెయ్యాలి. ఎంత లోతు? ఎంత తీస్తే అంత మంచిది. రెండడుగులైనా తియ్యాలి. ఆ మట్టిని దొడ్లో పాదులకు వేసుకోండి, చేనుకు తోలుకోండి. ఇంటి కింద మాత్రం వద్దు. దాని బదులు ఎర్ర గ్రావెల్ పొయ్యాలి. అది తడిసినా పెద్దగా ఉబ్బదు.

ఈ మాట నేను సొంతంగా చెప్పటం లేదు. నల్లరేగడి బాధ మనకు ఒక్కళ్ళకే కాదు. కర్నూలు జిల్లాలో ఉంది, కర్ణాటకలో ఉంది, మహారాష్ట్రలో చాలా ఉంది. శాస్త్రవేత్తలు దీని మీద ఏళ్ళ తరబడి పని చేశారు. రూర్కీలో కేంద్ర భవన పరిశోధన సంస్థ ఉంది. 1950ల నుంచి వాళ్ళు ఒక రకం పునాదిని తయారుచేశారు. అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బిన కాంక్రీటు స్తంభాన్ని లోతుగా దింపుతారు. లోతులో తడి పెద్దగా మారదు కాబట్టి ఇల్లు కదలదు. బొంబాయి ఐ.ఐ.టి.లో కట్టి అనే ఆచార్యులు ఇంకో మార్గం చూపించారు. నల్లరేగడి పైన ఉబ్బని మట్టిని మందంగా వేసి గట్టిగా దిమ్మిస కొడితే, కింది ఉబ్బు పైకి చాలా వరకు తగలదు. కాలవల కట్టడాల కింద ఆ పొర మీటరు మందం దాకా వేస్తారు. మన చిన్న ఇంటికి అంత పెట్టలేం. రెండడుగులు పెట్టగలం. పగుళ్ళు అసలే రావని నేను మాట ఇవ్వను. బాగా తగ్గుతాయి.

"ఇసుక పోస్తే చాలదా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. మంచి ప్రశ్న. మన గుండ్లకమ్మ ఇసుక మాలుకు మంచిది. కానీ బేస్‌మట్టం నిండా ఇసుకే పోస్తే ఏమవుతుంది? ఇసుక జల్లెడ లాంటిది. చూరు నీళ్ళు, కుళాయి నీళ్ళు దానిలోంచి జారి కింద నల్లమట్టికి చేరతాయి. అక్కడ నిలబడతాయి. మట్టి ఉబ్బుతుంది. అందుకే కింద గ్రావెల్, పైన మాత్రం మూడు నాలుగు అంగుళాల ఇసుక.

గ్రావెల్ అంతా ఒకేసారి పొయ్యకూడదు. ఇది చాలా ముఖ్యం. రెండడుగులు ఒకేసారి పోసి పైన కొడితే పైన మాత్రమే గట్టిపడుతుంది. లోపల బోలుగా ఉంటుంది. తరువాత కుంగుతుంది. ఆరు అంగుళాలు పొయ్యాలి. నీళ్ళు చల్లాలి. దిమ్మిసతో కొట్టాలి. మళ్ళీ ఆరు అంగుళాలు. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ దిమ్మిస. రెండడుగులంటే ఎన్ని పొరలు? 24 అంగుళాలు. నాలుగు పొరలు.

ఒక ఉపాయం చెప్తాను. పొయ్యక ముందే బొగ్గు తీసుకోండి. లోపలి గోడ మీద అడుగు నుంచి ఆరు అంగుళాలకు ఒక గీత గియ్యండి. నాలుగు గీతలు. పక్కన అంకెలు వెయ్యండి. 1, 2, 3, 4. అంకెలు ఇప్పుడు మీకు వచ్చు కదా! మేస్త్రీతో ఇలా చెప్పండి: "అన్నా, ఒకటో గీత దాకా పోసి దిమ్మిస కొట్టాక నన్ను పిలువు. నేను చూశాకే రెండోది పొయ్యండి." మొదట నవ్వుతాడు. నవ్వనివ్వండి. కొట్టిన చోట గునపం నిలువుగా ఎత్తి వదలండి. మెత్తగా దిగిపోతే ఇంకా కొట్టాలి. ఠంగుమని ఆగితే సరిపోయింది.

ఇప్పుడు లెక్క. పలకలు తియ్యండి. గది పొడవు 12 అడుగులు. వెడల్పు 10 అడుగులు. నేల ఎంత? 12ను 10తో హెచ్చవేస్తే 120 చదరపు అడుగులు. రెండడుగుల లోతు నింపాలి. 120ని 2తో హెచ్చవేస్తే 240 ఘనపు అడుగులు. దిమ్మిస కొడితే గ్రావెల్ అణుగుతుంది. అందుకని నాలుగో వంతు ఎక్కువ తెప్పించాలి. 240లో నాలుగో వంతు 60. మొత్తం 300.

ట్రాక్టరు తొట్టిలో ఎంత పడుతుంది? తొట్లన్నీ ఒకేలా ఉండవు. టేపు తీసుకుని కొలవండి. పొడవు 10 అడుగులు, వెడల్పు 6 అడుగులు, లోతు అడుగున్నర అనుకుందాం. 10 ఆర్లు 60. 60కి అడుగున్నర అంటే 90. తొట్టికి 90 ఘనపు అడుగులు. 300 కావాలంటే మూడు తొట్లు పోసి, ఇంకో తొట్టిలో మూడో వంతు. ఆరు తొట్లు పోశానని ఎవరైనా డబ్బు అడిగితే ఈ లెక్క చూపించండి. రెండే తొట్లు పోసి నిండిందంటే, కింద ఇంకేదో ఉందని అర్థం చేసుకోండి.

గ్రావెల్ అయింది, ఇసుక అయింది. దాని మీద మందపాటి పాలిథిన్ పట్టా పరిస్తే మంచిది. రెండు ముక్కలు కలిసే చోట జానెడు ఒకదాని మీద ఒకటి రావాలి. చిరుగు ఉండకూడదు. ఈ పట్టా ఎందుకు? నేలలో ఉన్న చెమ్మ పైకి పాకుతుంది. దీపం వత్తి నూనెను పైకి పీలుస్తుంది కదా, అలాగే గచ్చు కూడా కింది చెమ్మను పీలుస్తుంది. పట్టా ఆ దారిని మూసేస్తుంది.

చెమ్మ వల్ల మనకు నష్టం ఏమిటో మిరప టిక్కీలు ఇంట్లో పెట్టుకున్న వాళ్ళను అడగండి. ధర వచ్చేదాకా అని గోడ పక్కన పేరుస్తాం. కింది టిక్కీ చెమ్మ తాగుతుంది. కాయ మెత్తబడుతుంది. రంగు పోతుంది. బూజు పడుతుంది. గుంటూరు యార్డుకు తీసుకువెళ్తే తాలు అని ధర తగ్గిస్తారు. బూజులో ఒక విషం కూడా పుడుతుంది. ఇతర దేశాలకు పంపే మిరపలో ఆ విషం ఉందో లేదో పరీక్ష చేస్తారు. ఎక్కువ ఉంటే సరుకు వెనక్కి పంపుతారు. కాబట్టి నేల పొడిగా ఉండటం అందానికే కాదు. నేల ఎంత మంచిదైనా టిక్కీల కింద చెక్కలు వేసి ఎత్తున పెట్టండి.

పట్టా మీద నాలుగు అంగుళాల కాంక్రీటు. దీన్ని బెడ్ అంటారు. 1 పాలు సిమెంటు, 4 పాళ్ళు ఇసుక, 8 పాళ్ళు లావు కంకర. మనం చెప్పుకున్న 120 చదరపు అడుగుల గదికి సుమారు నాలుగు బస్తాల సిమెంటు పడుతుంది. ఒకటిన్నర బస్తాతో అయిపోయిందంటే ఏదో తగ్గింది. వేసిన మర్నాటి నుంచి వారం రోజులు తడపాలి. గోనెపట్టాలు పరిచి తడిపితే నీళ్ళు తక్కువ పడతాయి. సిమెంటు ఎండితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. తడి ఉంటేనే సిమెంటు గట్టిపడుతుంది. తడపకుండా ఎండనిస్తే పొడి రాలుతుంది.

బెడ్ మీద ఏం వేస్తారో మీ ఇష్టం. మీ చేతిలో ఉన్న డబ్బును బట్టి.

ఊరికే గచ్చు చేయించుకునే వాళ్ళు గది అంతా ఒకే పలకలా పొయ్యించవద్దు. నాలుగైదు అడుగుల చదరాలుగా చేయించండి. పాత ఇళ్ళలో ఎర్రగచ్చు మధ్యలో గాజు పట్టీలు చూసే ఉంటారు. అవి సోకు కోసం పెట్టారని నేనూ చిన్నప్పుడు అనుకునేదాన్ని. సిమెంటు ఆరేటప్పుడు కాస్త ముడుచుకుంటుంది. పట్టీ ఉంటే ఆ ముడత పట్టీ దగ్గర ఆగుతుంది. లేకపోతే నడిమధ్యన పగులుతుంది.

నాపరాళ్ళు మనకు పాత చుట్టాలు. మాచర్ల రాళ్ళు, బేతంచర్ల రాళ్ళు మన తాతల నాటి నుంచి వస్తున్నాయి. మందంగా ఉంటాయి. కింద కాస్త కుంగినా ఒక రాయి లేపి, మాలు వేసి మళ్ళీ పెట్టుకోవచ్చు. ఆ సౌకర్యం టైలుకు లేదు. గ్రానైటు కొనేవాళ్ళకు మనకు దూరం పోనక్కరలేదు. చీమకుర్తి నల్లరాయి దేశదేశాలకు పోతుంది. బల్లికురవలో క్వారీలు ఉన్నాయి. మార్టూరులో పాలిషు మిషన్లు ఉన్నాయి. కోసిన పలకల్లో మిగిలిన ముక్కలు తక్కువకు వస్తాయి. ముక్కలు కలిపి వేసినా నేల నేలే.

టైలు వేసేటప్పుడు ఒక్క విషయం చూడండి. కొందరు టైలు వెనక నాలుగు మూలలా, మధ్యలో ఒకటి, మాలు ముద్దలు పెట్టి అంటిస్తారు. ముద్దల మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ మీద రోలు పెట్టినా, గ్యాసు బండ పడినా టైలు పగులుతుంది. టైలు వెనక అంతా మాలు నిండాలి. ఆరాక రూపాయి బిళ్ళతో ప్రతి టైలునూ కొట్టి చూడండి. గట్టి శబ్దం వస్తే మంచిది. డొల్ల శబ్దం వస్తే సుద్దతో గుర్తు పెట్టి మేస్త్రీకి చూపించండి. డబ్బు మొత్తం ఇవ్వక ముందే చూపించండి.

టైలుకు టైలుకు మధ్య సందు ఉండాలి. గోడకూ టైలుకూ మధ్య కూడా ఉండాలి. సందు లేకుండా బిగించి వేస్తే అందంగా ఉంటుంది నిజమే. ఎండకు టైలు కాస్త సాగుతుంది. చోటు లేక పైకి లేస్తుంది. వంటింట్లో, స్నానాల గదిలో నీళ్ళు తూము వైపు పోయేలా వాటం పెట్టించండి. బిందెడు నీళ్ళు పోసి చూడండి. నీళ్ళు ఎటు పోతాయో నీళ్ళే చెప్తాయి.

ఇప్పుడు ప్లాస్టిక్ చాప సంగతి. కొట్లలో చుట్టలు చుట్టి నిలబెట్టి అమ్ముతున్నారు. చెక్క రంగు, పూల రంగు, గళ్ళ రంగు. వీటిని వినైల్ షీట్ అంటారు. కొన్ని పలకల్లా కూడా వస్తాయి. తక్కువ డబ్బుతో పాత గచ్చు దాచుకోవచ్చు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు వెళ్ళేటప్పుడు తీసుకుపోవచ్చు. చెడ్డ వస్తువు కాదు. కానీ చాప పలచన. కింద ఏముంటే పైన అదే కనబడుతుంది. కింద ఒక్క మెతుకు ఎండిపోయి ఉన్నా పైన బొడిపె లేస్తుంది. నాలుగు రోజులకు అక్కడే అరుగుతుంది. అందుకని ముందు గుంటలు సిమెంటుతో పూడ్చాలి. ఎత్తులు గీకాలి. పూడ్చిన సిమెంటు పూర్తిగా ఆరాలి. తరువాత ఊడ్చి, తుడిచి పరవాలి.

పేడతో అలికిన మట్టినేల మీద ఈ చాప పరవవద్దు. మట్టినేల ఊపిరి పీలుస్తుంది. కింది చెమ్మ పైకి వచ్చి గాలిలో పోతుంది. ప్లాస్టిక్ వేస్తే ఆ చెమ్మకు దారి లేదు. చాప కింద నిలిచిపోతుంది. బూజు, వాసన, జెర్రులు. పిల్లలు ఆ చాప మీదే పడుకుంటారు.

సిమెంటు గచ్చులో చెమ్మ ఉందో లేదో ఎలా తెలుస్తుంది? చేత్తో ముట్టుకుంటే తెలియదు. తెల్లని పాలిథిన్ కవరు తీసుకోండి. మూరెడు చదరంగా కోయండి. నేల మీద పరిచి నాలుగు వైపులా టేపు అంటించండి. గాలి పోకూడదు. సాయంత్రం అంటిస్తే మర్నాడు సాయంత్రం తియ్యండి. కవరు లోపల చెమట పట్టిందా? కింద గచ్చు నల్లబడిందా? అయితే చెమ్మ ఉంది. ఇంకా ఆగాలి. గది మధ్యలో ఒకటి, గోడ పక్కన ఒకటి పెట్టి చూడండి. కొత్త గచ్చు అయితే నెల దాటాక కూడా ఈ పరీక్ష చెయ్యందే చాప కొనవద్దు. ఖర్చు లేని పరీక్ష ఇది.

చాప తెచ్చాక ఒక రోజంతా గదిలో పరిచి వదిలెయ్యండి. చుట్ట వంపు పోతుంది. తరువాత కోయండి. వేడి గిన్నె దాని మీద దించకండి. మచ్చ పడుతుంది, మళ్ళీ పోదు. పొయ్యి దగ్గర అసలు వద్దు.

ఇంకొకటి ఉంది. లామినేట్ పలకలు. చూస్తే టేకు చెక్కలా ఉంటుంది. చెక్క నార పొడిని వత్తి చేసిన పలక అది. పైన చెక్క బొమ్మ అచ్చు వేసిన కాగితం, దాని మీద గట్టి పూత. హైదరాబాదు ఫ్లాట్లలో చూస్తాం. అమెరికాలో ఉండే మన పిల్లల ఇళ్ళలో ఇది మామూలు. అక్కడ చలి. కాలికి చల్లగా తగలకుండా చెక్క కావాలి. దాని కింద కూడా బొంత వేస్తారు. రెండు మూడు మిల్లీమీటర్ల మందం నురుగు షీటు. అడుగుల చప్పుడు తగ్గిస్తుంది, చిన్న చిన్న ఎత్తుపల్లాలు సర్దుతుంది. సిమెంటు నేల అయితే చెమ్మ ఆపే పట్టా కూడా వేస్తారు. బొంత మెత్తగా ఉంటే మంచిదని రెండు వరుసలు వేస్తే పలకల కొక్కేలు విరుగుతాయి. పలకల పెట్టెలు తెచ్చి రెండు రోజులు ఆ గదిలోనే ఉంచుతారు. ఆ గది గాలికి అలవాటు పడాలి. గోడ దగ్గర చిటికెన వేలు దూరేంత సందు వదులుతారు. వానాకాలంలో మన తలుపులు బిగుసుకుపోతాయి కదా? పలక కూడా అలాగే పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటు అది. పైన పట్టీ కొట్టి కనబడకుండా మూస్తారు.

మన ఊళ్ళకు లామినేట్ వద్దు అని నా అభిప్రాయం. మనం నీళ్ళు పోసి కడుగుతాం. అది నీళ్ళు తాగితే అంచులు ఉబ్బి మళ్ళీ అణగవు. మనకు చెదలు ఎక్కువ. చెదలకు అది పండగ భోజనం. ఎవరైనా చవకగా ఇస్తామంటే ఈ రెండూ గుర్తు పెట్టుకోండి.

నేల ఎంత బాగా వేసినా ఇంటి చుట్టూ నీళ్ళు నిలిస్తే లాభం లేదు. చూరు నీళ్ళు గోడ పక్కనే పడుతున్నాయా? గోడ చుట్టూ మూడడుగుల వెడల్పు గట్టు చేయించండి. బయటికి వాటం పెట్టించండి. అంట్లు తోమిన నీళ్ళు పునాదిలోకి పోనివ్వకండి. వేపచెట్టు నీడ మంచిదే, గోడను ఆనుకుని మాత్రం నాటవద్దు. ఎండాకాలంలో దాని వేర్లు పునాది పక్కన మట్టిలోని తడినంతా లాగేస్తాయి.

మీలో చాలామంది తాపీ పనికి కూలికి వెళ్తారు. మీకు వేరుగా ఒక మాట. సిమెంటు చర్మాన్ని తింటుంది. మాలు చేత్తో ఎత్తకండి. రబ్బరు తొడుగులు వేసుకోండి. మేస్త్రీ ఇవ్వకపోతే అడగండి. మధ్యాహ్నం అన్నానికి ముందు మంచి నీళ్ళతో కడిగి కొబ్బరినూనె రాసుకోండి. చేతులు పగిలి దురద పెడితే ఆస్పత్రిలో చూపించుకోండి. టైలు, గ్రానైటు పొడిగా కోసేటప్పుడు లేచే తెల్లని పొగ మామూలు దుమ్ము కాదు. అది ఊపిరితిత్తుల్లో చేరితే మళ్ళీ బయటికి రాదు. ఏళ్ళ మీద ఆయాసం వస్తుంది. దాన్ని నయం చేసే మందు లేదు. నీళ్ళు పోస్తూ కొయ్యమనండి. పసిపిల్లలను ఆ దగ్గర ఊయలలో వెయ్యకండి. ముక్కుకు కట్టుకున్న కొంగు ఆ సన్నని పొడిని ఆపలేదు.

ఇక చదువు సంగతి. సిమెంటు బస్తా మీద అక్షరాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. అంకెలు మాత్రం మనం నేర్చుకున్న అంకెలే. బస్తా బరువు 50 కిలోలు అని ఉంటుంది. ఒక చోట వారం, సంవత్సరం వేస్తారు. 32, పక్కన 2025 అని ఉందనుకోండి. 2025వ సంవత్సరంలో 32వ వారంలో నింపిన బస్తా. సంవత్సరానికి 52 వారాలు. 32వ వారం అంటే ఆగస్టు నెల. ఆ బస్తా డిసెంబరులో మీ ఇంటికి వస్తే నాలుగు నెలల పాతది. మూడు నెలలు దాటిన సిమెంటు బలం తగ్గుతుంది. గడ్డలు కట్టి ఉంటే అసలు వద్దు. మార్చి ఇమ్మనండి.

టైల్సు పెట్టె మీద కూడా అంకెలు ఉంటాయి. కొలత ఉంటుంది, ఎన్ని టైల్సో ఉంటుంది. రంగు వరస నంబరు ఒకటి ఉంటుంది. అన్ని పెట్టెల మీదా ఆ నంబరు ఒకటే ఉండాలి. వేరే ఉంటే ఒకే తెలుపు రెండు తెలుపులుగా కనబడుతుంది. మన గదికి రెండడుగుల టైల్సు ఎన్ని కావాలి? ఒక టైలు 4 చదరపు అడుగులు. 120ని 4తో భాగిస్తే 30. కోతలకు, పగుళ్ళకు ఇంకో మూడు కలపండి. 33. పెట్టెకు నాలుగు చొప్పున అయితే తొమ్మిది పెట్టెలు. మిగిలిన మూడు టైల్సు పారెయ్యకండి, అటక మీద దాచండి. రేపు ఒకటి పగిలితే ఆ రంగు మళ్ళీ దొరకదు.

వచ్చే వారం వచ్చేటప్పుడు ఎవరింట్లోనైనా ఖాళీ సిమెంటు సంచి ఉంటే తీసుకురండి. ఇక్కడ అందరం కలిసి ఆ అంకెలు చదువుదాం.